చిత్తూరు + చిరుత = తిరుపతి: అక్షరాల కూడికను చేత్తో సాధించడం

ఈ లెక్కల్లో ఒక్కొక్క అక్షరం 0 నుంచి 9 వరకు ఏదో ఒక అంకెకు గుర్తు. రెండు అక్షరాలకు ఒకే అంకె రాకూడదు, ఏ సంఖ్యా సున్నతో మొదలవకూడదు. తెలుగులో గుణింతాన్నీ ఒత్తునూ కలుపుకొనే ఒక అక్షరంగా లెక్కించాలి కనుక త, తి, త్తూ అనేవి మూడు వేర్వేరు అక్షరాలు.

ముందుగా చిన్నది చూద్దాం: కల + మల = లతిక. రెండంకెల సంఖ్యలు రెండు కలిస్తే 198కి మించవు కనుక ల = 1. ఒకట్ల స్థానంలో 1 + 1 = 2, అంటే క = 2. పదుల స్థానంలో 2 + మ కనీసం పది కావాలి. మ 9 అయితే తి 1 అవుతుంది, ఆ అంకె ఇప్పటికే ల కు పోయింది. కాబట్టి మ = 8, తి = 0; 21 + 81 = 102. ఆంగ్ల పజిళ్ల రచయిత హెన్రీ డ్యూడెనీ 1924లో ప్రచురించిన ప్రసిద్ధ లెక్క SEND + MORE = MONEY లోనూ (9567 + 1085 = 10652) ముందుగా తేలేది మొత్తంలోని మొదటి 1.

పెన్సిలు కదిలించే ముందు సరి, బేసి చూసుకోవడం ఎంతో మేలు. చిత్తూరు + పుత్తూరు = తిరుపతి అని ఎవరైనా ఇస్తే, మూడంకెల సంఖ్యలు రెండే కనుక తి = 1 కావాలి; కానీ ఒకట్ల స్థానంలో రు + రు ఎప్పుడూ సరి సంఖ్యే. ఆ లెక్కకు జవాబే లేదని ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

ఇప్పుడు అసలు లెక్క: చిత్తూరు + చిరుత = తిరుపతి, మొత్తం వీలైనంత పెద్దది కావాలి. కాగితం మీద స్థానాల వారీగా ఎడంగా రాసి, పక్కన 0 నుంచి 9 వరకు అంకెలు వేసుకొని, వాడినదాన్నల్లా కొట్టివేస్తూ రండి. తి = 1. వందల స్థానంలో రెండు చి లు, చేతిలో ఏమైనా ఉంటే అదీ కలిసి 10 + రు కావాలి. పెద్ద మొత్తం కోసం రు ను 9 నుంచి కిందికి పరీక్షించాలి. రు 9 అయితే చి కూడా 9 అవుతుంది, కుదరదు. రు 8 అయితే చి 9, చేతిలో ఏమీ ఉండకూడదు; ఒకట్ల స్థానంలో 8 + త = 11 కనుక త 3, పదులకు 1 వెళ్తుంది. అక్కడ త్తూ + 8 + 1 పదికి లోపు ఉండాలంటే త్తూ 0, ప 9 కావాలి, కానీ 9 ను చి తీసుకుంది. రు 7 అయితే చి 8, త 4, పదుల నుంచి చేతిలో 1 రావాలి. త్తూ + 8 = 10 + ప, అంటే ప = త్తూ − 2. త్తూ 9 అయితే ప 7, 6 అయితే ప 4, రెండూ వాడినవే. 8, 7 కూడా అయిపోయాయి. త్తూ 5, ప 3 నిలుస్తాయి: 857 + 874 = 1731.

పెద్ద మొత్తం అనే షరతు తీసేస్తే ఈ లెక్కకు తొమ్మిది జవాబులున్నాయి. మిగిలిన ఎనిమిదీ రు విలువ 7, 6, 5, 2 గా ఉన్నప్పుడు దొరుకుతాయి.