ప్రార్థన చీటీలు చాట్‌బాట్‌లో పెట్టకండి: సంఘంలో ఏఐ వాడేవారికి

సంఘంలో ఏఐ మాట రాగానే చర్చంతా ప్రసంగం మీదికే పోతుంది. పాస్టర్ గారు వర్తమానాన్ని చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చా, కూడదా అని. దాని గురించీ చెబుతాను. కానీ మా సంఘంలో స్లైడ్లు, లైవ్, వాట్సాప్ గ్రూపులు అన్నీ నా నెత్తిమీదే ఉన్నాయి కాబట్టి నాకు టెన్షన్ పెట్టే సంగతి వేరే ఉంది. అది ప్రార్థన అంశాల జాబితా.

ఆరాధన అయ్యాక చీటీల మీద రాసిచ్చేవి, రాత్రిపూట అయ్యగారి ఫోన్‌కి వచ్చేవి అన్నీ కలిపి ఉపవాస ప్రార్థనకి ఒక కాగితం తయారు చేయాలి. వాటిలో ఏముంటాయో ఈ పని చేసేవాళ్లకి తెలుసు. ఒకామెకి గర్భం నిలవడం లేదు. ఒకాయన తాగుడు మానలేకపోతున్నాడు. ఒకరి కొడుకు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. చీటీలన్నీ ఫోటో తీసి చాట్‌బాట్‌లో పెట్టి 'నీట్‌గా టైప్ చేసివ్వు' అంటే నిమిషంలో పనైపోతుంది. ఆ పని చేయకండి. పెట్టిన ఫోటో ఆ కంపెనీ సర్వర్‌కి వెళుతుంది. చాలా ఉచిత సర్వీసుల్లో సెట్టింగ్ మార్చకపోతే, మనం రాసింది వాళ్ల తర్వాతి ఏఐ మోడల్ శిక్షణకి (అంటే దానికి నేర్పడానికి) వాడుకునే అవకాశం కూడా ఉంటుంది. గర్భం కోసం చీటీ రాసినామె దాన్ని ఇచ్చింది మనం మోకరించి దేవుణ్ణి అడుగుతామని. ఇంకెక్కడికీ పంపడానికి ఒప్పుకోలేదు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ఆరోగ్య వివరాలనీ, మత విశ్వాసాన్నీ ప్రత్యేక రక్షణ ఇవ్వాల్సిన సమాచారంగా చూస్తుంది. ఒక్క ప్రార్థన చీటీలో ఈ రెండూ ఉంటాయి.

మరెలా? జాబితాని చేత్తోనే టైప్ చేయండి, పెద్ద పనేం కాదు. ఏఐ సాయం తప్పదనుకుంటే ముందు పేరు, ఊరు, ఉద్యోగం, బంధుత్వం అన్నీ తీసేయండి. 'గర్భఫలం కోసం ఒక సహోదరి' అంటే చాలు, దేవునికి అడ్రస్ అక్కర్లేదు. చీటీ కిందే రెండు గళ్లు పెట్టండి: నా పేరు అందరి ముందు చదవొచ్చు, నా అంశం గ్రూప్‌లో పెట్టొచ్చు అని. టిక్ లేకపోతే అది పాస్టర్ గారి దగ్గరే ఆగిపోవాలి. శిక్షణకి వాడుకునే సెట్టింగ్‌ని ఆపేయండి. ఆపాం కదా అని గుట్టు సంగతులు పెట్టొచ్చనుకోవద్దు. ఆ సెట్టింగ్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, అంతే. కౌన్సెలింగ్‌లో విన్నవి, పెద్దల కమిటీలో ఎవరి మీదైనా వచ్చిన విషయం, దశమభాగాల లెక్క ఏ యాప్‌లోనూ పెట్టకూడదు.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి. ఆన్‌లైన్ ప్రార్థన కూడికలో ఎవరో ఒకరి ఆఫీస్ అకౌంట్ నుంచి నోట్స్ రాసే బాట్ కూడా లోపలికి వచ్చేస్తుంది. ఆ బాట్‌ని తాను తెచ్చానన్న సంగతి ఒక్కోసారి ఆ మనిషికే తెలియదు. ఒక సహోదరి ఏడుస్తూ చెప్పిన సాక్ష్యం మర్నాటికి సారాంశంగా మారి ఈమెయిల్‌లో తిరుగుతుంది. మీటింగ్ మొదలవగానే లోపలున్నవారి పేర్లు చూడండి, 'నోట్‌టేకర్' లాంటిది కనిపిస్తే బయటికి పంపేయండి.

ఇక ప్రసంగం. వాక్యాన్ని ముందు పాస్టర్ గారు తానే చదివి, ప్రార్థించి, సొంతంగా రాసుకున్నాక ఏఐని అడగడంలో నాకు తప్పేమీ కనబడదు. 'ఈ ప్రసంగంలో కొత్తగా వచ్చినవాడికి ఎక్కడ అర్థం కాదు?' అనేది మంచి ప్రశ్న. బైబిల్ స్టడీకి ప్రశ్నలు, సండే స్కూల్ పిల్లలకి వర్క్‌షీట్లు కూడా అడగొచ్చు. 'యోహాను 15 మీద అరగంట ప్రసంగం రాయి' అని అడిగి, వచ్చింది వచ్చినట్టు చదివితే మాత్రం మంద ఆకలి తెలియని వాడి చేత వడ్డన చేయించినట్టే.

వచనాల దగ్గర చాలా జాగ్రత్త. బైబిల్లో లేని వచనాన్ని కూడా ఏఐ పాత బైబిల్ గ్రాంథికంలో, 'చేయుడి', 'గాక' అంటూ అచ్చంగా రాసిస్తుంది. వినేవాళ్లు ఆ ధోరణి చూసి నమ్మేస్తారు. కాబట్టి ప్రతి రెఫరెన్సూ అచ్చు బైబిల్ తీసి, ముందూ వెనకా కొన్ని వచనాలతో కలిపి చదవాలి. అపొస్తలుల కార్యములు 17:11లో బెరయ అనే ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పిందే లేఖనాలతో సరిచూసుకున్నారు, చాట్‌బాట్ ఎంత? భక్తుల మాటలూ అంతే. 'సువార్త ఎప్పుడూ ప్రకటించండి, అవసరమైతే మాటలు వాడండి' అన్న మాట అస్సీసీ ఫ్రాన్సిస్ పేరుతో తెగ తిరుగుతుంది, కానీ ఆయన రాతల్లో అది లేదు. ఏఐ అల్లిన కథని జరిగిన సంఘటనగా చెప్పడం అబద్ధ సాక్ష్యమే. కథ అని చెప్పి చెప్పండి. యేసు ఉపమానాలని ఎవరూ వార్తలనుకోలేదు కదా.

వాడినప్పుడు వాడామని చెప్పాలి. 2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యూర్త్‌లో ఒక చర్చిలో దాదాపు పూర్తిగా ఏఐ తయారుచేసిన ఆరాధన జరిగింది. సుమారు 40 నిమిషాలు, 300 మందికి పైగా వచ్చారు. అందులో కూర్చోవడం నాకిష్టముండదు, కానీ అది ఏఐ ఆరాధన అని తెలిసే జనం వెళ్లారు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని క్యాథలిక్ ఆన్సర్స్ సంస్థ 'ఫాదర్ జస్టిన్' అనే చాట్‌బాట్‌ని ప్రీస్ట్ దుస్తుల్లో పెట్టింది. అది తాను నిజమైన ప్రీస్ట్‌నని చెప్పుకుంది. విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే ఆ దుస్తులూ, 'ఫాదర్' అన్న పిలుపూ తీసేశారు. 2025 జనవరి 28న వాటికన్ విడుదల చేసిన 'ఆంటిక్వా ఎట్ నోవా' పత్రం కూడా ఏఐని మనిషిగా చూపించకూడదనే చెబుతుంది. మీ వెబ్‌సైట్‌లో చాట్‌బాట్ పెడితే ఆరాధన టైమింగ్స్, అడ్రస్ లాంటివి చెప్పడానికే పెట్టండి. దానికి పాస్టర్ గారి పేరు వద్దు, ఫోటో వద్దు. ఎవరైనా 'బతకాలని లేదు' అని టైప్ చేస్తే అది వెంటనే మనిషి ఫోన్ నంబర్ చూపించేలా ఉండాలి. మొదలుపెట్టే ముందు మీరే అలా టైప్ చేసి చూడండి.

సబ్‌టైటిల్స్‌కి, మాటలు విని అక్షరాల్లో రాసే విస్పర్ లాంటి టూల్స్ బాగా పనికొస్తాయి, ముఖ్యంగా వినికిడి తగ్గిన పెద్దవాళ్లకి. కానీ అందరూ మౌనంగా ప్రార్థిస్తున్నప్పుడు, ఎవరూ అనని మాటలు కూడా అది ఒక్కోసారి రాసేస్తుంది. వీడియో పెట్టేముందు ఆ భాగాలు తప్పకుండా చూడండి. పిల్లల ఫోటోలు ఫిల్టర్ యాప్‌లలో పెట్టొద్దు. పోస్టర్ బొమ్మలో శిష్యులకి ఆరు వేళ్లున్నాయేమో లెక్కపెట్టుకోండి.

గొంతు సంగతి మాత్రం పెద్దది. గంటల కొద్దీ ప్రసంగాలు యూట్యూబ్‌లో ఉంటాయి, గొంతు కాపీ చేయడానికి కొద్దిపాటి ఆడియో చాలు. 'అమ్మా, అర్జెంట్‌గా డబ్బు పంపండి' అని అయ్యగారి గొంతే వినిపిస్తే విధవరాలైన ఒక అవ్వ ఆలోచించదు, పంపేస్తుంది. అందుకే పాస్టర్ గారు ఫోన్లో, వాట్సాప్‌లో ఎప్పుడూ డబ్బు అడగరని, అకౌంట్ నంబర్ మారితే ఆరాధనలోనే చెబుతామని వేదిక మీద నుంచి ప్రకటించండి. నెలకోసారైనా మళ్లీ చెప్పండి, ఎందుకంటే ఆ అవ్వ ఆ వారం రాకపోయి ఉండొచ్చు. మన టీమ్ కూడా డబ్బింగ్ కోసమైనా సరే, పాస్టర్ గారి లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆయన గొంతుని కాపీ చేయకూడదు.

వీటన్నిటినీ ఒక పేజీలో రాసి పెద్దల చేత సంతకం పెట్టించండి. సంఘం అకౌంట్లు ఎవరి సొంత ఈమెయిల్ మీదా ఉండకూడదు, టీమ్‌లోంచి ఎవరు మానేసినా ఆ రోజే పాస్‌వర్డ్ మార్చండి. యాప్ అప్‌డేట్ అయ్యాక శిక్షణ సెట్టింగ్ ఇంకా ఆపే ఉందో లేదో చూసే పని కూడా ఆ పేజీలోనే ఒకరి పేరు మీద రాయండి.