వరి లైన్లలో ఎండు బరువు తీయడం ఎలా? గింజ తూచి వదిలేస్తే సగం కథే

వరి లైన్లతో (కొత్త రకాల కోసం పెంచి చూసే వంగడాలు) ట్రయల్ పెట్టిన వాళ్ళలో చాలామంది చివర్లో గింజ తూచి రాసేసుకుంటారు. ఆ దిగుబడి ఎలా వచ్చింది, మొక్క మొత్తంగా బాగా పెరగడం వల్లా, లేక పెరిగినదాంట్లో ఎక్కువ కంకిలోకి పోవడం వల్లా? అది తెలీకుండా రేపు క్రాసింగ్‌కి (సంకరానికి) ఏ లైన్ పట్టుకుంటారు? 1966లో వచ్చిన ఐఆర్8 వరి రకం ముఖ్యంగా రెండో దారిలో గెలిచింది, పొట్టిది, ఎరువేసినా పడదు, గడ్డి తక్కువ. పాత పొడుగు రకాల్లో హార్వెస్ట్ ఇండెక్స్ (మొత్తం ఎండు బరువులో గింజ వాటా) 0.3 దగ్గర ఉంటే పొట్టి రకాల్లో 0.5 దాకా వస్తుంది, ఇంక అక్కడ పెంచడానికి పెద్దగా మిగల్లేదు, అందుకే ఇప్పుడు మొత్తం ఎండు బరువు (నీరంతా పోయాక మిగిలే మొక్క బరువు) మీద కన్నేయాలి.

ముందు శాంపిల్ సంగతి. క్యాలెండర్ చూసి అన్ని లైన్లూ ఒకే రోజు కోసెయ్యకండి. విత్తిన 80 రోజులకి త్వరగా పండే ఎంటీయూ 1010 రకం పొట్ట దశలో ఉంటుంది, 150 రోజుల బీపీటీ 5204 ఇంకా పిలకలేస్తూ ఉంటుంది, ఆ రెంటినీ పక్కపక్కన తూచి ఏం లాభం? దశ చూసి తీయండి: పిలకలు, చిరుపొట్ట, పూత, కోత. గట్టు పక్క వరసలు వదిలేసి, పక్కన కుదురు చచ్చిపోయిన చోట కూడా వదిలేసి (వాటికి ఎండ ఎక్కువ దొరికి దుబ్బు చేస్తాయి), లోపల నుంచి కనీసం 5 కుదుళ్ళు నేల మట్టానికి కోయండి.

బురద కడిగి, ఆకు, కాండం, కంకి విడదీసి, చిల్లులు పెట్టిన పేపర్ కవర్లలో వేసి పెన్సిల్‌తో పేరు రాయండి. నేనొకసారి పెన్నుతో రాశా, తడికి అంతా అలుక్కుపోయి మూడు లైన్లు ఏవేవో తెలీకుండా పోయాయి. పాలిథిన్ సంచిలో రాత్రంతా ఉంచడం ఇంకా పెద్ద తప్పు, కోసినా మొక్క ఊపిరి తీస్తూనే ఉంటుంది, లోపల వేడెక్కి బరువు తగ్గిపోతుంది. అదే రోజు ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర పెట్టి, రెండు మూడు రోజులయ్యాక తూచి, మళ్ళీ కొన్ని గంటలాగి తూచి, బరువు మారకపోతేనే రాసుకోండి.

లెక్క సింపులే. 20×15 సెంటీమీటర్ల నాటులో చదరపు మీటరుకి సుమారు 33 కుదుళ్ళు. కుదురుకి 12 గ్రాములుంటే దాదాపు 400 గ్రాములు, ఇంకో 20 రోజులకి 24 అయితే 800, అంటే చదరపు మీటరుకి రోజుకి 20 గ్రాములు పెరిగినట్టు. లైన్ల కాలపరిమితులు వేరైనప్పుడు ఈ రోజువారీ అంకె చాలా పనికొస్తుంది.

కోత దగ్గర మాత్రం జాగ్రత్త. గింజని 14 శాతం తేమతో తూచి, గడ్డిని ఓవెన్‌లో ఆరబెట్టి తూచి రెండూ కలిపేస్తుంటారు. గింజ 600, గడ్డి 600 అనుకుంటే ఇండెక్స్ 0.50 కనపడుతుంది, తేమ తీసేస్తే గింజ 516 గ్రాములే, ఇండెక్స్ 0.46. తాలు గింజలు కూడా పారేయకండి, అవి గింజలో రావు గానీ మొత్తం బరువులో రావాలి.