ఆప్-ఆంప్‌తో ట్యూబ్ ఆంప్లిఫయర్ బయాస్ ఎలా చేయాలి?

బయాస్ అంటే పాట లేనప్పుడు ట్యూబ్‌లో ఎంత కరెంట్ పారాలో నిర్ణయించే గ్రిడ్ వోల్టేజ్. ఇఎల్34 పవర్ ట్యూబుల జతతో పుష్-పుల్ (రెండు ట్యూబులు వంతులవారీగా పనిచేసే) ఆంప్లిఫయర్ కట్టి, ప్లేట్ (ఎలక్ట్రాన్లు చేరే కొస) మీద 400 వోల్టులు పెడితే, కరెంట్‌ని అదుపుచేసే గ్రిడ్‌కి మైనస్ 36 వోల్టుల ప్రాంతంలో ఇవ్వాలి. ట్యూబ్ పాతబడేకొద్దీ ఆ లెక్క మారుతుంది. ఆప్-ఆంప్ (రెండు ఇన్‌పుట్‌ల తేడాని పెంచే చిప్) పెడితే అదే సర్దుకుంటుంది, కానీ టిఎల్072 అనే ఆప్-ఆంప్ మొత్తం 36 వోల్టులకి మించి తట్టుకోదు. అందుకే మధ్యలో హై వోల్టేజ్ ట్రాన్సిస్టర్ కావాలి.

పని మొదలెట్టే ముందు ఫిల్టర్ కెపాసిటర్లు (స్విచ్ ఆపినా హై వోల్టేజ్ నిలవ ఉంచుకునేవి) ఖాళీ అయ్యాయో లేదో మీటర్‌తో చూడండి.

ప్రతి ట్యూబ్ క్యాథోడ్‌కీ (ఎలక్ట్రాన్లు బయల్దేరే కొస) గ్రౌండ్‌కీ మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. 35 మిల్లీఆంప్‌లకి 0.35 వోల్టు వస్తుంది. క్యాథోడ్ నుంచి 1కె (వెయ్యి ఓమ్‌లు), దాని చివర గ్రౌండ్‌కి 1ఎన్4148 డయోడ్, ఆపైన 1 మెగ్ (పది లక్షల ఓమ్‌లు) ద్వారా ఆప్-ఆంప్ మైనస్ ఇన్‌పుట్‌కి. ఇలాంటి పుష్-పుల్ మామూలుగా నడిచే క్లాస్ ఏబీ పద్ధతిలో పాట గట్టిగా మోగితే సగటు కరెంట్ పెరుగుతుంది, అది చూసి ఆప్-ఆంప్ ట్యూబ్‌ని నొక్కేస్తే సౌండ్ చెడుతుంది. డయోడ్ ఆ 0.35 వోల్టుకి దాదాపు రెట్టింపు దగ్గర కోసేస్తుంది కాబట్టి సగటు పెద్దగా కదలదు.

ప్లస్ ఇన్‌పుట్‌కి 0.35 వోల్టు రిఫరెన్స్, అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్.

ఇక అసలు సంగతి. ఇందాక చెప్పిన హై వోల్టేజ్ ట్రాన్సిస్టర్ ఎంపిఎస్ఎ92. దాని బేస్ గ్రౌండ్‌కి, ఎమిటర్ 10కె ద్వారా ఆప్-ఆంప్ అవుట్‌పుట్‌కి, కలెక్టర్ 39కె ద్వారా మైనస్ 75 వోల్టుల సప్లైకి కలపండి. కలెక్టర్ నుంచి 220కె గ్రిడ్‌కి వెళ్తుంది. అవుట్‌పుట్ 10.6 వోల్టులైతే కలెక్టర్ మైనస్ 36 దగ్గర నిలుస్తుంది, 13కి చేరినా మైనస్ 27 దాటి పైకి రాదు. ఆప్-ఆంప్ సప్లై పోతే ట్రాన్సిస్టర్ ఆగి, గ్రిడ్ మైనస్ 75కి జారి ట్యూబ్ మూసుకుపోతుంది. నాకు ఈ అమరిక నచ్చడానికి కారణం అదే. మైనస్ 75 సప్లైయే పోతే మాత్రం దిక్కు లేదు, కాబట్టి 400 వోల్టుల లైన్‌లో ఫ్యూజ్ తప్పనిసరి. ఎమిటర్ రివర్స్ కాకుండా బేస్ నుంచి ఎమిటర్‌కి ఇంకో 1ఎన్4148 వేయండి.

ట్యూబ్ చల్లగా ఉన్నంతసేపూ కరెంట్ కనబడదు, ఆప్-ఆంప్ అవుట్‌పుట్ పైకి ఎక్కి కూర్చుంటుంది, ట్యూబ్ వేడెక్కగానే కరెంట్ ఒక్కసారిగా పొంగుతుంది. మొదటిసారి నేను దీన్ని పట్టించుకోలేదు, రెండు ప్లేట్లూ ఎర్రగా కాలడం చూసి స్విచ్ ఆపేశాను. ఆ ఫిల్మ్ కెపాసిటర్‌ని 100 ఓమ్‌ల ద్వారా షార్ట్ చేసి, 40 సెకన్ల తర్వాత వదిలే చిన్న రిలే (కరెంట్‌తో పనిచేసే స్విచ్) పెడితే చాలు, అంతవరకూ ట్యూబ్ మూసే ఉంటుంది.

ట్యూబులు పెట్టకముందే పరీక్షించండి. 1కె ముందు కొస విప్పి, బ్యాటరీ, పాట్ (తిప్పే రెసిస్టర్)తో 0.2 వోల్టు ఇస్తే కలెక్టర్ ఒకటిన్నర నిమిషంలో మైనస్ 27 వైపు రావాలి, 0.5 ఇస్తే మైనస్ 75కి దిగాలి. తిరగబడిందంటే ఇన్‌పుట్‌లు తారుమారయ్యాయి, సరిచేసేదాకా ట్యూబులు పెట్టొద్దు.