ట్రెక్‌కి స్టవ్ కొనేముందు గ్యాస్ సంగతి చూసుకోండి

చలి మొదలైందంటే వైజాగ్ నుంచి వంజంగి, లంబసింగి దారి పట్టేవాళ్ళు పెరుగుతారు. కొందరు హిమాలయాల్లో పదేసి రోజుల నడకకి వెళ్తారు. స్టవ్ కొనేటప్పుడు చాలామంది బరువొక్కటే చూస్తారు. వంద గ్రాములు కూడా లేని బుల్లి స్టవ్ ముచ్చటగానే ఉంటుంది. కానీ దానికి పట్టే గ్యాస్ క్యాన్ వెళ్ళిన చోట దొరక్కపోతే మోయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

క్యాన్ ఇక్కణ్ణుంచి పట్టుకెళ్దామంటే కుదరదు. విమానంలో చేతిసంచిలోనే కాదు, చెక్-ఇన్ లగేజీలోనూ ఒప్పుకోరు. రైల్లోనూ అలాంటి సరుకు నిషేధం. ఒక్కటే కదా అని బట్టల మధ్య దాచకండి, దయచేసి. బోగీలో మీ చుట్టూ చంటిపిల్లలుంటారు. నడక మొదలయ్యే ఊళ్ళో దుకాణానికి ముందే ఫోన్ చేయండి. మర తిప్పి బిగించే క్యానా, స్ప్రే డబ్బాలా పొడుగ్గా ఉండేదా అని అడిగి, దానికి సరిపడే స్టవ్ కొనండి.

చవగ్గా దొరికే పొడుగు డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గరకొచ్చేసరికి అది ఆవిరవ్వడం మానేస్తుంది. పైగా గ్యాస్ బయటికొచ్చేకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది, అందుకే లంబసింగి తెల్లవారుజామున కూడా మంట నీరసిస్తుంది. మంచు కొండలకైతే ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన క్యానే తీసుకోండి. రాత్రి దాన్ని మీ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి. వేడినీళ్ళలో ముంచడం, మంట దగ్గర పెట్టడం మాత్రం వద్దు.

బయల్దేరే ముందు సాయంత్రం, సముద్రపు గాలి వీచే వేళ, డాబా మీద అర లీటరు నీళ్ళు మరిగించి చూడండి. నేను అలా చూసిన రోజు మంట గిన్నె కిందనుంచి పక్కకి వాలిపోయింది. ఎంతసేపైనా గిన్నె అడుగున సన్నటి బుడగలే తప్ప నీళ్ళు తెర్లలేదు. అదే గిన్నెని పిట్టగోడ చాటుకి జరిపితే కాసేపట్లో మరిగాయి. అలాగని క్యాన్ మీదే కూర్చునే స్టవ్ చుట్టూ రేకు తడిక బిగించకండి. వేడి క్యాన్‌కి తగిలి పేలే ప్రమాదముంది. రాయో గట్టో చాటు చేసుకోవడమే మేలు. బిగించాక సుయ్‌మని చప్పుడు ఆగకపోతే, వాసనొస్తే వెలిగించకండి. మర దగ్గర రబ్బరు రింగు పగిలిందేమో చూడండి. మన ఉప్పుగాలికి స్టవ్ వెలిగించే మీటకి తుప్పు పడుతుంది, అది పనిచేయకపోతే అక్కరకొచ్చేలా ఓ అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి.

టెంట్ లోపల మాత్రం వంట చేయొద్దు, ఎంత వాన కురిసినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రొస్తోందనుకుంటూనే ప్రాణం పోతుంది.

4,000 మీటర్ల ఎత్తులో నీళ్ళు 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కందిపప్పు ఉడకదు. అటుకులు, సేమ్యా నయం. అయిపోయిన క్యాన్‌ని నెగడులో వేయకుండా సంచిలో వెనక్కి తెచ్చేయండి.