అమెరికన్ క్లాసిక్ నవలల మీది విమర్శ ఎట్ల చదవాల: కడపలో కూర్చోని నేను పట్టుకున్న దారి

మొట్టమొదట ఒకటి చెప్తా, నవల చదవకుండా దాని మీది విమర్శ ముట్టుకోవద్దండి. నేను ఎంఏ ఇంగ్లీష్‌లో చేసింది అదే పని. పరీక్షకి గైడు ఒకటి కొనుక్కోని, డి.హెచ్. లారెన్స్ ఇట్లన్నాడు, ట్రిల్లింగ్ అట్లన్నాడు అని విమర్శకుల కొటేషన్లు నాలుగు బట్టీ పట్టి రాసేసినా, మార్కులు కూడా బాగానే పడినాయి, కానీ వాళ్లు దేనికోసం కొట్లాడుకుంటా ఉండారో నాకు ఒక్క ముక్క తెలీదు. చానా ఏండ్లకి మార్క్ ట్వైన్ 'హకల్‌బెరీ ఫిన్' మొత్తం చదివి, మళ్లీ అవే వ్యాసాలు తీస్తే, ఓర్నీ ఇది ఏడురోడ్ల కాడ టీ అంగట్లో జరిగే వాదన మాదిరే ఉందే అనిపించింది.

కాబట్టి ఒకే ఒక్క నవల పట్టుకోండి. 'మోబీ డిక్'తో మొదలుపెడితే తిమింగలాల వివరాలు వచ్చే అధ్యాయాల కాడ చానామంది పుస్తకం మూసేస్తారు. 'స్కార్లెట్ లెటర్' అయితే ముందుండే కస్టమ్ హౌస్ భాగంలోనే నిద్దర పట్టేస్తుంది (అది దాటేసి కథలోకి పోయినా ఎవరూ కేసు పెట్టరు లెండి). నా ఓటు 'హకల్‌బెరీ ఫిన్'కే, ముద్దుగా హక్ అంటా. అమెరికాలో 1885లో వచ్చిన పుస్తకం, హక్ అనే పిల్లోడి యాసలో నడుస్తుంది, ఫస్టు ముప్పై పేజీలు కష్టమే, కానీ మన సీమ కథల్ని నోటితో చదివినట్టు దాన్ని కూడా పైకి చదివితే పట్టుబడుతుంది.

చదివేటప్పుడు రెండు చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఒకటి 31వ అధ్యాయం. తనతో తెప్ప మీద నదిలో పారిపోయి వచ్చిన బానిస జిమ్ యాడుండాడో యజమానురాలికి చెప్తా హక్ ఉత్తరం రాస్తాడు, రాసినాక జిమ్ చేసిన మేలంతా గుర్తొచ్చి, సరే నరకానికే పోతా పో అనుకోని దాన్ని చింపేస్తాడు. రెండోది ఆ తర్వాత ఫెల్ప్స్ వాళ్ల పొలంలో జరిగే కథ. హక్ స్నేహితుడు టామ్ సాయర్ వస్తాడు, గుడిసెలో కట్టేసిన జిమ్‌ని విడిపించడం అనే పేరుతో పాములు, ఎలకలు, సాలీళ్లు అన్నీ తెచ్చి రోజులకొద్దీ ఆటాడతాడు, చివర్లో చూస్తే ఆ యజమానురాలు మిస్ వాట్సన్ చనిపోతా విల్లులో జిమ్‌కి ఎప్పుడో స్వేచ్ఛ ఇచ్చేసింది, అది టామ్‌కి ముందే తెలుసు! అక్కడ మీకు ఒళ్లు మండిందా, నవ్వొచ్చిందా అనేది పక్కన రాసి పెట్టుకోండి. ఎవరి వ్యాసమూ చూడకముందే రాసుకోవాల, ఇది మర్చిపోవద్దు.

ఇప్పుడు విమర్శకుల్ని పిలవండి, వరసగా. హెమింగ్వే 1935లో, ఆధునిక అమెరికన్ సాహిత్యమంతా ఈ ఒక్క పుస్తకం నుంచే వచ్చిందన్నాడు, ఈ మాట అందరికీ తెలుసు, కానీ ఆయనే జిమ్‌ని ఎత్తుకుపోయిన కాడ చదవడం ఆపేయండి, మిగతాదంతా మోసం అన్నాడు, గైడ్లలో ఈ సగం ఉండదు. తర్వాత లయొనెల్ ట్రిల్లింగ్, 1950లో వచ్చిన ఆయన వ్యాసాల సంపుటిలో హక్ మీద ఒక వ్యాసం ఉంది. ముగింపు కొంచెం పడిపోయిందని ఒప్పుకుంటూనే నిర్మాణం ప్రకారం అది సరిపోయిందంటాడు. టీ.ఎస్. ఎలియట్ కూడా అదే ఏడాది ఒక ముందుమాటలో, కథ మొదలైన మూడ్‌కే తిరిగి చేరడం సబబే అన్నాడు. వీళ్లిద్దరి మీదికి లియో మార్క్స్ 1953లో వచ్చినాడు, వ్యాసం పేరులోనే మిస్టర్ ఎలియట్, మిస్టర్ ట్రిల్లింగ్ అని పెట్టి మరీ! నది మీద హక్ నేర్చుకున్నదంతా చివర్లో గంగలో కలిసింది, వాడు మళ్లీ టామ్ వెనకాల తోకలా తయారైనాడు అనేది ఆయన వాదన. ఆఖర్న నల్లజాతి నవలా రచయిత్రి టోనీ మోరిసన్, 1992లో వచ్చిన హార్వర్డ్ ఉపన్యాసాల పుస్తకం, వంద పేజీలు కూడా లేదు. ఆమె ప్రశ్నే వేరే. హక్ స్వేచ్ఛకి అర్థం రావాలంటే పక్కన జిమ్ బానిసగా ఉండాల్సిందే, ఈ నవలకి అది లేకుండా జరగదు అంటుంది. ముందు నలుగురూ ముగింపు బాగుందా లేదా అని చూస్తా ఉంటే ఈమె ఆ ముగింపు అవసరం ఎవరికి అని అడిగింది.

ఒక్కో వ్యాసం చదివేటప్పుడు చూడాల్సింది, ఈయన ఎవరికి జవాబు చెప్తా ఉండాడు, నవల్లోంచి ఏ ముక్క తీసుకున్నాడు అని. ఆ ముక్క కాడికి వెనక్కిపోయి దాని ముందూ వెనకా పేజీ చదవండి, పెద్ద పెద్ద పేర్లు కూడా తమకి పనికొచ్చే రెండు లైన్లే కత్తిరించుకుంటారు కొన్నిసార్లు. లారెన్స్ 1923 నాటి వ్యాసాల పుస్తకంలో కళాకారుణ్ని నమ్మొద్దు, కథను నమ్మండి అన్నాడు కదా, నేనైతే విమర్శకుణ్ని కూడా అంత తొందరగా నమ్మొద్దంటా. లారెన్స్‌ది మాత్రం సరదాకైనా చదవండి, తిడతాడు, ఎగతాళి చేస్తాడు, మధ్యలో పాఠకుడి మీదే అరుస్తాడు. మన రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) విమర్శ చదివినవాళ్లకి ఆ మొహమాటం లేని గొంతు కొత్తగా ఏం ఉండదు.

లావు పుస్తకాలు మొదటి నుంచి చివరికి చదవాలని రూల్ లేదు. విమర్శకుడు మాతీసెన్ 1941 నాటి 'అమెరికన్ రెనసాన్స్' ఆరు వందల పేజీల పైనే. వెనక ఇండెక్స్ తీసి, మీరు చదివిన నవల పేరు యాడ యాడ వచ్చిందో ఆ పేజీలే చూడండి. ఫీడ్లర్, ఛేజ్ అనే విమర్శకుల పుస్తకాలు కూడా అంతే.

ఇక దొరకడం సంగతి. ఇక్కడ అంగళ్లలో ఇవి అడిగితే పోటీ పరీక్షల పుస్తకాలు చూపిస్తారు, వాళ్ల తప్పేం లేదు. ట్వైన్, లారెన్స్ కాపీరైట్లు తీరిపోయినాయి కాబట్టి నెట్‌లో ఫ్రీనే. డబ్బులు పెట్టేది ఉంటే నార్టన్ క్రిటికల్ ఎడిషన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చూడండి, నవలా దాని మీది వ్యాసాలూ ఒకే బైండులో వస్తాయి, పాత ఎడిషన్ అయినా పర్లేదు. కడప యోగి వేమన, అనంతపురం ఎస్కేయూ, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీల్లో చదివే పిల్లోళ్లు తెలిసుంటే లైబ్రరీలో ఏముందో అడిగించుకోండి.

అన్నీ అయినాక 31 నుంచి చివరిదాకా నవల మళ్లీ చదివి, మీరు ఎవరి పక్కనో తెలుగులో ఒక్క పేజీ రాయండి. ఇంగ్లీషులో రాస్తే వాళ్ల మాటలే మన చేతిలోంచి వచ్చేస్తాయి, తెలుగులో ఆ దొంగతనం కుదరదు. నేను లియో మార్క్స్ పక్కన నిలబడి ఒక పేజీ రాసుకున్నా, మోరిసన్ చదివినాక సగం కొట్టేసినా, మిగతా సగం ఇంకా అట్లే ఉంది నోట్‌బుక్కులో.