పాత డబుల్ బ్యారెల్ తుపాకి కొనేముందు: లక్షణం, కారణం, మరమ్మతు

అమెరికాలో ఫెజెంట్, కౌజు పిట్టల వేట కోసం పార్కర్, ఎల్.సి. స్మిత్, ఫాక్స్, ఇథాకా వంటి పాత పక్కపక్క గొట్టాల తుపాకులను వెతికి కొనేవారు ముందుగా చెక్కడపు పనినీ, వాల్‌నట్ కర్ర నిగనిగనూ చూసి మురిసిపోతారు. ధర నిలిచేదీ కూలేదీ మాత్రం గొట్టాల దగ్గరే కాబట్టి ఈ పరీక్షలు అక్కడినుంచే మొదలవుతాయి. తుపాకి చేతికి రాగానే తెరిచి, తూటా కూర్చునే ఛాంబర్లు రెండూ ఖాళీగా ఉన్నాయని కళ్లారా చూసుకున్న తరువాతే మిగిలిన పని.

మూసిన గొట్టాలు కదులుతున్నాయి

ఫోర్ ఎండ్ (గొట్టాల కింద ఉండే ముందు కర్ర) బిగించి ఉంటే దాని స్ప్రింగు వదులుతనాన్ని కప్పిపుచ్చుతుంది కనుక దాన్ని తీసి పక్కన పెట్టి, స్టాక్ (భుజానికి ఆనించే కర్ర) మెడను పట్టుకుని మెల్లగా ఊపాలి. చేతికి చిన్న టక్కు తగిలినా, దీపానికి ఎదురుగా పట్టినప్పుడు గొట్టాల వెనుక అంచుకూ అవి ఆనే ఉక్కు ముఖానికీ నడుమ వెంట్రుకంత వెలుగు గీత కనిపించినా, గొట్టాల కింది కొక్కెమో, అది తిరిగే కీలు కడ్డీ అయిన హింజ్ పిన్నో అరిగిందన్నమాట. కొక్కెం మీద లోహం పోసి మళ్లీ కూర్చడమో, కాస్త లావు పిన్ను వేయడమో దీనికి సరైన మరమ్మతు. సుత్తితో కొట్టి బిగించినా, రేకు ముక్క దూర్చినా కొన్ని పెట్టెల తూటాలకే మొదటికొస్తుంది. ఇలాంటి పనికి తెలిసిన గన్‌స్మిత్ అడిగే కూలిని ముందే కనుక్కుని, దాన్ని అమ్మకందారు చెప్పిన ధరలోంచి తగ్గించి బేరమాడాలి.

గొట్టాలు గంటలా మోగడం లేదు

గొట్టాలను విడదీసి, కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి, వేలి కణుపుతో తట్టితే చాలాసేపు ఖంగుమనాలి. పగిలిన కుండలా బొంగురుగా పలికితే రిబ్ (రెండు గొట్టాల నడుమ అతికిన పట్టీ) కింద టంకం ఎక్కడో వదిలిందని అనుమానించాలి. రిబ్ కిందికి చేరిన నీరు దీనికి ఒక కారణం. మెత్తటి టంకంతో అతికిన గొట్టాలకు ఎవరో వేడి క్షారద్రావణంలో ముంచి కొత్త నలుపు వేయించడం ఇంకో కారణం. రిబ్‌ను మళ్లీ అతికి, తుప్పు పట్టించి నలుపెక్కించే పాత పద్ధతిలో నలుపు వేయించక తప్పదు. ఆ ఖర్చు మామూలు గ్రేడు తుపాకికి గిట్టుబాటు కాదు.

తూటా చక్కగా దూరింది, అయినా భుజం మీద గట్టిగా తన్నుతోంది

అనేక పాత 16 గేజి (గేజి, బోర్ అంటే గొట్టం రంధ్రపు సైజు) తుపాకుల ఛాంబర్ పొడవు 2 9/16 అంగుళాలు, బ్రిటిష్ 12 బోర్ తుపాకులది తరచుగా 2½. ఇప్పటి తూటా 2¾. తూటా పొడవును పేలి మూతి విప్పుకున్న స్థితిలో కొలుస్తారు కాబట్టి మడిచిన మూతితో అది ఇబ్బంది లేకుండా దూరి, పేలాక ముందున్న ఇరుకులోకి విచ్చుకుని పీడనాన్ని పెంచుతుంది. ఛాంబర్ గేజితో కొలిచి, పొట్టివైన తక్కువ పీడనపు తూటాలు వాడడం ఉత్తమం. ఛాంబర్‌ను తొలిచి పొడిగించడం లోహాన్ని తగ్గించడమే.

లోపల అద్దంలా మెరుస్తోంది, ధర మాత్రం చౌక

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. గుంటలు పోయేదాకా గొట్టం లోపల అరగదీస్తే మెరుపు వస్తుంది, గోడ పలచబడుతుంది. గోడ మందం కొలిచే గేజి లేకుండా దీన్ని కంటితో పట్టలేం. 0.020 అంగుళం కంటే పలచనైన చోటు కనిపిస్తే నేను ఆ తుపాకిని కింద పెట్టేస్తాను. బ్రిటిష్ తుపాకి అయితే దాని మీద లండన్ లేదా బర్మింగ్‌హామ్ పరీక్షాశాల వేసిన ప్రూఫ్ ముద్రలు (గొట్టం పీడనానికి తట్టుకుందని చెప్పే గుర్తులు) చదివి, రంధ్రపు వ్యాసాన్ని వెనుక అంచు నుంచి 9 అంగుళాల దూరంలో కొలిచి, ముద్రించిన కొలతతో పోల్చాలి. అమెరికా ప్రభుత్వానికి అలాంటి పరీక్షాశాల లేనందున అక్కడి తుపాకులకు కొలతే సాక్ష్యం. పలచబడిన గోడకు మందు లేదు. పాత గొట్టాలను కోసి కొత్తవి అమర్చే స్లీవింగ్ ఉంది కానీ, దానితో సేకర్తల దృష్టిలో విలువ బాగా పడిపోతుంది.

మూతి దగ్గర రెండు గొట్టాల నడుమ సందు ఉంది

పొడవు తగ్గించడానికి కోసేసి ఉంటారు, చోక్ (మూతి దగ్గర రంధ్రం ఇరుకయ్యే భాగం) కూడా దానితోనే పోయి ఉంటుంది. దగ్గరి నుంచి కొట్టే కౌజు పిట్టలకు పనికొస్తుంది, సేకరణకు కాదు.

ఎల్.సి. స్మిత్ తుపాకుల్లో లాక్ పలకల (పేల్చే యంత్రాంగం అమర్చిన పక్క రేకుల) వెనుక కర్ర చీలడం మామూలే. చీలిక చిన్నదైతే అతికించవచ్చు. గొట్టాలు, ఫ్రేము, ఫోర్ ఎండ్ మీది సీరియల్ నంబర్లు కలవకపోతే మాత్రం విలువ అతకదు. నీటిపక్షుల వేటలో 1991 నుంచి అమెరికా అంతటా సీసపు గుండ్లు నిషిద్ధం. పాత గొట్టాలు స్టీలు గుండ్లకు తట్టుకోవు కనుక బిస్మత్ అనే లోహపు గుండ్లు వాడాలి.

బేరం కుదిరింది, లైసెన్సున్న డీలర్ తుపాకి ఇవ్వనంటున్నాడు

హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్న మన తెలుగువారికి ఎదురయ్యే చిక్కు ఇది. ఫెడరల్ చట్టం అలాంటి వారిని తుపాకి కలిగి ఉండకుండా నిషేధిస్తూనే, అమెరికాలో జారీ అయిన చెల్లుబాటు వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది. కాబట్టి ముందు రాష్ట్రపు వేట లైసెన్సు తీసుకుని, ఆ రాష్ట్రపు నిబంధనలు కూడా చూసుకున్న తరువాతే బయానా ఇవ్వాలి.