మక్కలు ఆరాలంటే గాలికి దారియ్యాలి

వానాకాలం మక్కలు పట్టించినప్పుడు తేమ తరచూ 20 శాతం దాటే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో అడిగేది 14. ముసురు పట్టిందంటే వరంగల్ వైపు కల్లాల్లో ఎండను నమ్ముకోలేం, ఫ్యాన్ డ్రయ్యరే దిక్కు.

అందులో వేడి గాలి జాలీ నేల కింది నుంచి పైకి పోతుంది. కింది పొర ముందు ఆరుతుంది, పైపొర ఆఖరికి. అందుకే అడుగు, అడుగున్నర మందమే పోయాలి. మూడడుగులు పోస్తే కిందివి పెళుసెక్కి పగులుతాయి. పైన చెయ్యి పెడితే చెమ్మ తగులుతుంది, బూజు అక్కడే మొదలు.

పోసేముందు తూర్పారబట్టండి. నూక, పొట్టు ఒకచోట కుప్పపడితే గాలి దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది. మూలల్లో పలచగా ఉన్నా గాలంతా అటే పోతుంది. చదును చేసి, నాలుగు మూలలా అరచెయ్యి పెట్టి గాలి చూడండి.

ఇదే డ్రయ్యర్లో పల్లికాయ ఆరబెడితే గాలి వేడి 38 డిగ్రీలు దాటనివ్వొద్దు, పొట్టూడి పప్పు బద్దలవుతుంది. వేడి ఆపాక కూడా ఫ్యాన్ తిరగాలి. వేడిమీదే సంచులకెత్తితే లోపల చెమట పడుతుంది.